ఆరు బ్లాకులు కాదు, పద్దెనిమిది

(గుంటూరులో బీఈడీ విద్యార్థుల సభలో ఒక లెక్కల టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ, చికాగోలో తుపాకులు పేలే చోట ధైర్యంగా పాఠాలు చెప్పి వచ్చిన అమ్మాయి అన్నారు. ఆయన ప్రేమతో అన్నారు. కానీ ఆ మాట సరిచేయకుండా ముందుకు వెళ్ళలేను. నేను రోజూ కార్లో వెళ్ళేదాన్ని. బడి వెనక గేటు లోపల, సెక్యూరిటీ గార్డు కళ్ళ ముందు కారు పెట్టుకునేదాన్ని. సాయంత్రం అదే కారెక్కి, చికాగో శివార్లలో మేముండే నేపర్‌విల్ వచ్చేసేదాన్ని. ఎనిమిదేళ్ళలో నా ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. ధైర్యం కావలసింది నాకు కాదు, ఆ బడికి నడిచి వచ్చే పిల్లలకి. ఈ తేడా నాకు తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నా వల్ల ఒక పిల్లాడికి జరిగినది చెప్పడానికే ఇవాళ వచ్చాను.

నేను ఈ కాలేజీలోనే బీఈడీ చదివాను. అదిగో, ఆ కిటికీ పక్క బెంచీ. మా నాన్న ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. మిరప కోతలు వచ్చాయంటే ఆయన తరగతి సగం ఖాళీ. రాని పిల్లల మీద ఆయన ఎప్పుడూ కేకలేయలేదు. పొద్దున్నే సైకిల్ మీద ఆ చేల గట్ల వెంట వెళ్ళి, ఎవరు ఏ చేలో ఉన్నారో చూసుకుని వచ్చేవారు. సాయంత్రం వాళ్ళు కోతల నుంచి వచ్చాక మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పేవారు. పిల్లల చేతులు మండుతూ ఉండేవి, కళ్ళు నలుపుకుని ఏడ్చేవాళ్ళు. మా అమ్మ కొబ్బరి నూనె రాసేది. ఇదంతా చూస్తూ పెరిగాను నేను.

చూసి కూడా మర్చిపోయాను. బీఈడీ అయ్యాక ఒక కార్పొరేట్ స్కూల్లో మూడేళ్ళు పని చేశాను. అక్కడ నాకు మంచి పేరు వచ్చింది. గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యమైనా నా క్లాసులోకి రానిచ్చేదాన్ని కాదు. రిజల్ట్స్ బాగా వచ్చేవి. క్రమశిక్షణ ఉంటే లెక్కలు వస్తాయి, లెక్కలు వస్తే జీవితం మారుతుంది. నా సిద్ధాంతం ఇంతే, దాన్ని మనస్ఫూర్తిగా నమ్మాను. పెళ్ళయింది, మా వారి ఉద్యోగం కోసం అమెరికా వెళ్ళాం. గ్రీన్ కార్డు వచ్చేదాకా నాకు పని చేసే వీల్లేదు. వచ్చాక ఇల్లినాయ్ రాష్ట్రం టీచరు లైసెన్సు సంపాదించుకుని, 2011 ఆగస్టులో చికాగో దక్షిణ భాగంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో చేరాను. తొమ్మిదో తరగతి, ఆల్జీబ్రా.

నేపర్‌విల్, అరోరా వైపు మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. అరోరా బాలాజీ గుడి దగ్గర ఎవరు కలిసినా అదే మాట. "ఇక్కడ ఇంత మంచి స్కూళ్ళు పెట్టుకుని అంత దూరం ఎందుకమ్మా? అక్కడ రోజూ కాల్పులే కదా?" నాకు ఆ మాట వింటే లోపల్లోపల గర్వంగా ఉండేది. పనికిరాని గర్వం అది. సినిమాల్లో చూస్తాం కదా, ఒక టీచరు వస్తుంది, రౌడీ పిల్లలుంటారు, మొదటి రోజు వెక్కిరిస్తారు, చివరి రోజు ఏడుస్తారు. ఆ కథలో నన్ను నేను పెట్టుకుని చూసుకున్నాను.

మొదటి వారంలోనే కారిడార్‌లో కొట్లాట. ఇద్దరు అబ్బాయిలు మొదలుపెట్టారు, అర నిమిషంలో పదిమంది అయ్యారు. నేను మధ్యలోకి వెళ్ళి "స్టాప్" అని అరిచాను. ఎవరికీ వినిపించలేదు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చి విడదీశారు. తర్వాత తెలిసింది, గొడవ బడిలో పుట్టలేదు. ముందు రోజు రాత్రి ఫేస్‌బుక్‌లో ఎవరో చనిపోయిన ఒక కుర్రాడి గురించి ఎగతాళిగా పోస్టు పెట్టారు. చనిపోయినవాడు ఒక వీధి వాడు, పోస్టు పెట్టినవాడు ఇంకో వీధి వాడు. పొద్దున బడి గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంటుంది, కత్తీ తుపాకీ లోపలికి రావు. రాత్రి జరిగినదాన్ని ఏ డిటెక్టర్ ఆపుతుంది?

ఇక్కడ కొంచెం ఆగి, ఆ వీధుల సంగతి చెప్పాలి. ముఠా అంటే మనకి ఒక నాయకుడు, ఒక డెన్, చేరాలంటే ప్రమాణం, ఇలా ఏదో ఊహ ఉంటుంది. చికాగోలో ఒకప్పుడు కొంతవరకు అలాగే ఉండేది. గ్యాంగ్‌స్టర్ డిసైపుల్స్, వైస్ లార్డ్స్, లాటిన్ కింగ్స్ అని వేలమంది ఉన్న పెద్ద ముఠాలు. పోలీసులు వాటి పెద్దల్ని ఒక్కొక్కరినీ ఫెడరల్ జైళ్ళకి పంపారు. అదే కాలంలో, 1990ల నుంచి, నగరం తన పేదల కోసం కట్టిన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లను కూల్చడం మొదలుపెట్టింది. రాబర్ట్ టేలర్ హోమ్స్ అని, పదహారు అంతస్తుల భవనాలు 28 వరసగా ఉండేవి. 2007కల్లా ఒక్కటి మిగల్లేదు. అక్కడి కుటుంబాలు దక్షిణ, పశ్చిమ భాగాల్లో చెల్లాచెదురయ్యాయి. పెద్దలు లేరు, కట్టుబాట్లు లేవు. పెద్ద ముఠాలు ముక్కలై వీధికొకటి, రెండు వీధులకొకటి అయ్యాయి. పాత చికాగోలో ఇదే దక్షిణ భాగంలో ఉక్కు కార్ఖానాలుండేవి. తండ్రి చేసిన పనిలోకి కొడుకు వెళ్ళేవాడు. 1980లో విస్కాన్సిన్ స్టీల్ మూతపడింది, 1992లో యూఎస్ స్టీల్ వాళ్ళ సౌత్ వర్క్స్ మూతపడింది. మా పిల్లల తాతలు ఆ పని చేసినవాళ్ళు. తండ్రుల దగ్గరికి వచ్చేసరికి పని లేదు.

అందుకని మా పిల్లల్లో చాలామంది ముఠాలో "చేరలేదు". ఏ వీధిలో ఉంటే ఆ వీధి ముఠా కింద లెక్క. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అవతలి వీధివాడు నిన్ను అలాగే చూస్తాడు. మన రాయలసీమలోనో పల్నాడులోనో ఫ్యాక్షన్ ఉన్న ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకి నేను వివరించక్కర్లేదు. "నువ్వు ఎవరి తాలూకు?" అన్న ప్రశ్నకి ఎవరి తాలూకూ కాదు అని జవాబు చెప్పే వీలు లేని ఊళ్ళు మనకీ తెలుసు.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. పేరు చెప్పను. పద్నాలుగేళ్ళవాడు, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. 2012లో, నా రెండో ఏడాదిలో, నా మొదటి పీరియడ్ క్లాసుకి వచ్చాడు. ఆ సెప్టెంబర్‌లో మా యూనియన్ సమ్మె, ఏడు బడి రోజులు పోయాయి. సిలబస్ వెనకబడిందని నాకు టెన్షన్. ఇతను రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యం. రోజూ. లెక్కలు మాత్రం ఇట్టే వచ్చేవి. బోర్డు మీద సగం లెక్క అయ్యాక వచ్చి కూర్చుని, మిగతా సగం మాతో పాటే చేసేవాడు. అది చూస్తే నాకు ఇంకా కోపం. ఇంత తెలివి పెట్టుకుని ఈ నిర్లక్ష్యం ఏమిటని.

ఒక రోజు అందరి ముందు అడిగాను, ఎందుకు ఆలస్యం అని. "ఏం లేదు మిస్" అన్నాడు. ఇంకో రోజు అడిగాను. మళ్ళీ "ఏం లేదు". మూడు ఆలస్యాలకి ఒక డిటెన్షన్, అది బడి రూలు. బడి అయ్యాక గంట సేపు కూర్చోవాలి. పేరు రాశాను. అతను నా బల్ల దగ్గరికి వచ్చి, "లంచ్ టైములో కూర్చోనా మిస్?" అని మెల్లిగా అడిగాడు. కుదరదన్నాను. వాదించలేదు. నేను ఈ రోజుకీ తలుచుకునేది అదే. అతను వాదించి ఉంటే బాగుండేది. నేను అతన్ని వాదించనిచ్చే టీచర్నయి ఉంటే ఇంకా బాగుండేది.

చికాగోలో నవంబర్ మధ్యలో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. బడి వదిలే వేళకి, పిల్లలు క్షేమంగా ఇల్లు చేరేలా చూసే "సేఫ్ పాసేజ్" వాళ్ళు మెరిసే జాకెట్లు వేసుకుని మూలమూలనా నిలబడతారు. వాళ్ళ గురించి తర్వాత చెబుతాను. పిల్లల గుంపు వెళ్ళిపోయాక వాళ్ళూ వెళ్ళిపోతారు. డిటెన్షన్ అయ్యి ఈ అబ్బాయి బయటికి వచ్చేసరికి మూలల్లో ఎవరూ లేరు. వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఇంటికి నాలుగు బ్లాకుల దూరంలో తుపాకీ పేలింది. బ్లాకంటే ఒక అడ్డవీధి నుంచి తర్వాతి అడ్డవీధి దాకా ఉండే దూరం. గుండు తొడలోంచి దూసుకుపోయింది.

బతికాడు. ఎముకకి తగల్లేదు. అయిదు వారాల తర్వాత కర్రల సాయంతో బడికి వచ్చాడు.

నేను ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను చూసి, "మా వాడు మీ క్లాసు ఇష్టమంటాడు" అంది. ఆవిడకి డిటెన్షన్ సంగతి తెలియదు, నేనే చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీకెలా తెలుస్తుంది" అంది. అది క్షమించడమో, నిందో నాకు అర్థం కాలేదు. ఆ మాటకి రెండు అర్థాలూ ఉన్నాయి, రెండూ నిజమే.

కర్రలతో తిరిగొచ్చిన మొదటి రోజు లంచ్ టైములో నా గదిలో కూర్చున్నాడు. పోయిన పాఠాలు చెబుతున్నాను, నిరూపక తలం, బిందువుల మధ్య దూరం. చికాగో ఆ పాఠానికి పెట్టి పుట్టిన ఊరు. 1909లో ఊళ్ళో ఇళ్ళ నంబర్లు మార్చి, స్టేట్ స్ట్రీట్, మాడిసన్ స్ట్రీట్ కలిసే చోటుని సున్నా అన్నారు. అదే మూలబిందువు. అక్కడి నుంచి నాలుగు దిక్కులకీ నంబర్లు పెరుగుతాయి. ఇంటి నంబరు 800 పెరిగితే ఒక మైలు, అంటే ఎనిమిది బ్లాకులు. ఊరంతా గ్రాఫ్ కాగితమే. అతని ముందు ఒక గ్రాఫ్ కాగితం పెట్టి, మీ ఇల్లు ఒక బిందువు, బడి ఒక బిందువు, దూరం చెప్పు అన్నాను. రెండు చుక్కలు పెట్టాడు. దక్షిణానికి నాలుగు, పడమరకి రెండు. "ఆరు బ్లాకులు" అన్నాడు. మైలులో ముప్పావు వంతు, నడిస్తే పావుగంట. మరి ఇరవై నిమిషాల ఆలస్యం ఎందుకని ఈసారి కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

అతను తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. పెన్సిల్ తీసుకుని గీత గీయడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి ముందు తూర్పుకి, బడికి వ్యతిరేక దిక్కులో. అక్కడ చెల్లెలి ఎలిమెంటరీ స్కూలు. ఏడున్నరకి గాని తలుపు తీయరు, ఆమెని లోపలికి పంపితే గాని తను కదలడు. అక్కడి నుంచి ఉత్తరానికి, మళ్ళీ తూర్పుకి, ఒక పెద్ద రోడ్డు దాటి దక్షిణానికి చాలా దూరం, అప్పుడు పడమరకి. బడిని వెనక వైపు నుంచి చుట్టి వచ్చింది గీత. మధ్యలో మూడు వీధుల్ని గుండ్రంగా వదిలేశాడు. "అవి?" అన్నాను. "అవి లేవు మిస్" అన్నాడు. అతని పటంలో ఆ మూడు వీధులు లేవు. లెక్కపెట్టాం. పద్దెనిమిది బ్లాకులు. రెండుంపావు మైళ్ళు. ముప్పావుగంట నడక. అతను ఆలస్యంగా రావడం కాదు, ప్రతిరోజూ పద్నాలుగేళ్ళ పిల్లాడు చెయ్యగలిగినంత జాగ్రత్తగా, సమయం లెక్క చూసుకుని వస్తున్నాడు. క్లాసులో నేనడిగినప్పుడు "ఏం లేదు" అనక ఏమంటాడు? ఆ క్లాసులోనే ఆ మూడు వీధుల పిల్లలూ కూర్చున్నారు. తన దారి నలుగురిలో చెబితే తనకింక దారి ఉండదు.

నేనింకో సంగతి ఆ రోజే తెలుసుకున్నాను, అది నా మార్కుల పుస్తకానికి సంబంధించినదే. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ నగరం బడుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2005లో ఒక మాట చెప్పారు. తొమ్మిదో తరగతి ఎలా గడిచిందో చూస్తే చాలు, ఆ పిల్లాడు హైస్కూలు పూర్తి చేస్తాడో లేదో చాలావరకు చెప్పొచ్చు. ఆ ఏడాది అయిదు పూర్తి క్రెడిట్లు తెచ్చుకుని, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఏడాది మొత్తం మీద ఒక సెమిస్టర్ ఫెయిలుకి మించి లేని పిల్లలు, అలా లేని పిల్లలతో పోలిస్తే నాలుగేళ్ళలో చదువు ముగించే అవకాశం మూడున్నర రెట్లు. అంటే ఆలస్యానికి నేను కోసిన ప్రతి అయిదు మార్కులూ అతన్ని బడి బయటికి ఒక అడుగు నెట్టాయి. లోపల నేను నెడుతున్నాను, బయట వీధి నెడుతోంది. మా ఇద్దరి మధ్య నడుస్తున్నాడు అతను.

దారి గురించి ఆ నగరానికి తెలియదా అంటే, తెలుసు. చాలా ఖరీదు పెట్టి తెలుసుకుంది. 2009 సెప్టెంబర్ 24న ఫెంగర్ హైస్కూలు విద్యార్థి డెరియన్ ఆల్బర్ట్, పదహారేళ్ళవాడు, బాగా చదివే పిల్లాడు, బడి వదిలాక బస్సు కోసం నడుస్తూ రెండు గుంపుల కొట్లాట మధ్యలో పడ్డాడు. దుంగల్లాంటి కర్రలతో కొట్టి చంపారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు, ప్రపంచమంతా చూసింది. 2016 ఒలింపిక్స్ ఏ నగరానికో అక్టోబర్ 2న తేలుతుంది, చికాగోకి వస్తాయా రావా అని ఊరంతా ఎదురుచూస్తున్న రోజులవి. అందరూ ఆ వీడియోలో కొట్టినవాళ్ళని చూశారు. నేను మా పిల్లలతో చేసిన లెక్క ఇది. ఫెంగర్ ఉన్నది 112వ వీధి దగ్గర. ఆ గొడవలో ఒక గుంపు ఆల్ట్‌గెల్డ్ గార్డెన్స్ అనే కాలనీ పిల్లలది, అది 130వ వీధి దగ్గర. దక్షిణానికి పద్దెనిమిది బ్లాకులు, తూర్పుకి ఇంచుమించు పదిహేను. నాలుగు మైళ్ళ పైమాట. అంత దూరం ఎందుకు వస్తున్నారు? కాలనీ పక్కనే ఉన్న కార్వర్ హైస్కూలుని మిలిటరీ అకాడమీగా మార్చారు, అందులో అందరికీ చోటు లేదు. ఇటువైపు ఫెంగర్‌లో, బడిని బాగుచేస్తామని ఆ వేసవిలోనే దాదాపు టీచర్లందర్నీ మార్చేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, ఉత్సాహం ఉన్నవాళ్ళే. కానీ ఏ పిల్లాడు ఏ వైపు నుంచి వస్తాడో, ఎవరి పక్కన ఎవరు నడవకూడదో ఆ గోడల మధ్య తెలిసినవాళ్ళు లేకుండా పోయారు. పాత టీచర్లుంటే ఆ పిల్లాడు బతికేవాడని నేను అనను. అంత తెలిసినట్టు మాట్లాడకూడదు. కానీ బడి అంటే సిలబస్సు, భవనం, మార్కులు అనుకుని దారిని మర్చిపోయిన పని అది. నేను నా చిన్న గదిలో చేసిన తప్పే.

సేఫ్ పాసేజ్ ఆ తర్వాత వచ్చింది. ఆ వీధుల్లో ఉండే అమ్మమ్మలు, రిటైరైన బస్సు డ్రైవర్లు, ఉద్యోగం లేని తండ్రులు. పొద్దున, సాయంత్రం మూలల్లో నిలబడతారు, గంటకి సుమారు పది డాలర్లు ఇచ్చేవారు. చేతిలో ఒక వాకీటాకీ, అంతే. మీలో చాలామందికి ఇది చిన్న పనిలా అనిపిస్తుంది. నేను మాత్రం ఆ నగరంలో నాకన్నా గొప్ప పని చేసినవాళ్ళు వాళ్ళేనని అంటాను. మా మూల మీద నిలబడే పెద్దావిడకి ప్రతి పిల్లాడి ముద్దు పేరు తెలుసు, వాడి మేనమామ ఎవరో తెలుసు. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో నిలబడేది. 2013 మేలో నగరం ఒకే దెబ్బకి యాభై దాకా బడులు మూసేయాలని నిర్ణయించింది. దాదాపు 12,000 మంది పిల్లలు కొత్త బడికి వెళ్ళాలి. అప్పుడు తల్లిదండ్రులు సభల్లో అడిగిన మొదటి ప్రశ్న కొత్త బడి ఎలా ఉంటుందని కాదు. మా పిల్లలు ఏ వీధులు దాటి వెళ్ళాలి అని.

నేనేం చేశాను? పెద్దగా ఏమీ లేదు. క్లాసు మొత్తానికి గ్రాఫ్ కాగితాలిచ్చాను. పేర్లు వద్దు, వీధి పేర్లు వద్దు, ఇల్లు మూలబిందువు అనుకోండి, బడికి వచ్చే దారి గీయండి అన్నాను. ఎవరి కాగితం వాళ్ళే మడిచి నా చేతికివ్వాలి. 28 కాగితాలు వచ్చాయి. తిన్నగా వచ్చే దారులు తొమ్మిది. ఒక అమ్మాయి ఇల్లు బడికి నాలుగు బ్లాకులు, నడిచేది పదకొండు. నేను పట్టుకున్నాను. గడుల మీద తిరిగినప్పుడు ఒక దిక్కుకి ఎన్ని అడుగులు ఎక్కువ వేస్తే అన్నీ వెనక్కి వేయాలి, కాబట్టి నాలుగుకి సరిసంఖ్యే కలవాలి, పదకొండు రాదు కదా అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "బ్లాకు మధ్యలో సందు ఉంటుంది మిస్, సగం దగ్గర తిరుగుతాను" అంది. సగాలు కలిపి చూస్తే సరిగ్గా పదకొండే. ఆ రోజు పిల్లలు సరి, బేసి గురించి నేర్చుకున్నంత బాగా నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ ఎవరూ నేర్చుకోలేదు.

ఆ కాగితాలు తీసుకుని మా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తలుపు మూసి గంటసేపు చూసింది. సాయంత్రం డిటెన్షన్ తీసేసి మధ్యాహ్నానికి మార్చింది. దూరం చుట్టి వచ్చే పిల్లలకి మొదటి పీరియడ్‌లో లైబ్రరీ, వ్యాయామం లాంటివి పెట్టి, లెక్కలు, ఇంగ్లిషు తర్వాతికి జరిపింది. టైంటేబుల్ వేసేవాళ్ళు విసుక్కున్నారు. అయినా చేశారు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మా నగరంలో కొన్ని బడుల్లో మగపిల్లల కోసం "బికమింగ్ ఎ మ్యాన్" అనే కార్యక్రమం నడుస్తుంది. వారానికో గంట, పది పన్నెండు మంది పిల్లలు, ఒక కౌన్సెలర్. మొదటి రోజు ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరిద్దర్ని నిలబెట్టి, ఒకడి చేతికి బంతి ఇస్తారు. రెండోవాడికి ముప్పై సెకన్లలో ఆ పిడికిలిలోంచి బంతి తీసుకోమంటారు. గుంజుతారు, మెలితిప్పుతారు, కిందపడి దొర్లుతారు. టైమైపోయాక కౌన్సెలర్ అడుగుతాడు, "ఒక్కడైనా, బంతి ఇవ్వమని ఎందుకు అడగలేదు?" "అడిగితే పిరికివాడననుకుంటాడు" అంటారు. అప్పుడు బంతి ఉన్నవాణ్ణి అడుగుతాడు, వాడడిగితే ఏం చేసేవాడివని. "ఇచ్చేసేవాణ్ణి, బంతే కదా."

ఈ కార్యక్రమం ఫలితాల్ని చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు వేలమంది పిల్లల మీద పరీక్షించారు. లాటరీ వేసి కొందర్ని చేర్చి, కొందర్ని చేర్చకుండా పోల్చారు. చేరిన పిల్లల్లో, అది నడిచినన్నాళ్ళు, హింస కేసుల్లో అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి పరీక్షలో హైస్కూలు పూర్తి చేసినవాళ్ళూ పెరిగారు. కానీ కార్యక్రమం ఆగిపోయాక అరెస్టుల్లో ఆ తేడా నిలబడలేదు. చాలామంది ఈ చివరి మాట విని పెదవి విరుస్తారు. నాకు మాత్రం అందులో లోపం కనిపించదు. పెద్దవాళ్ళు పక్కనున్నన్నాళ్ళు పిల్లలు బాగున్నారు, వెళ్ళిపోయాక ఒంటరయ్యారు. ఆ వీధుల్లో మొదట చెయ్యెత్తడం తెలివితక్కువ కాదు, అక్కడ అదే ప్రాణరక్షణ. అందుకే వాళ్ళు పిల్లలకి "కొట్టుకోకండి" అని నీతులు చెప్పరు. ఇది ఏ చోటు, ఎదుట ఎవరున్నారు, ఒక్క క్షణం ఆగి చూడు అని నేర్పుతారు. ఆ అబ్బాయి పద్దెనిమిది బ్లాకులూ చేసేది అదే. ఆగి చూడని మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే.

ఇప్పుడు మీరేమైనా అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, మీకు మానేయాలని అనిపించలేదా?)

అనిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి మా వారితో రాజీనామా చేస్తానన్నాను. నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఓదార్చలేదు. "వాడి ఇల్లు చూశావా?" అని అడిగారు. లేదన్నాను. "ఏడాదిన్నర నుంచీ ఏం చూస్తున్నావు మరి?" అని ఫోన్ పెట్టేశారు. ఆయన నా మీద అంత కోపంగా మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు. అతను తన దారి గీసి చూపించాక వచ్చిన శనివారం, మా మూలన నిలబడే పెద్దావిడని బతిమాలి, ఆమెతో కలిసి ఆ పద్దెనిమిది బ్లాకులూ నడిచాను. 2019 దాకా అక్కడే పని చేశాను.

(ఒక విద్యార్థి: ఆ అబ్బాయి ఏమయ్యాడు మేడమ్?)

ఆ ఏడాది నా సబ్జెక్టు పాసయ్యాడు, మిగతావీ పాసయ్యాడు. పదో తరగతి అయ్యాక వాళ్ళమ్మ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఇండియానాలో వాళ్ళక్క ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. మా క్లాసులో మిగతా పిల్లలకి ఇండియానాలో పెద్దమ్మలు లేరు, వాళ్ళు అక్కడే ఉన్నారు. కొత్త బడిలో చేరిన రెండు వారాలకి ఒక సాయంత్రం ఫోన్ చేశాడు, ఏదో జామెట్రీ సందేహం. అది అయ్యాక అడిగాను, ఇప్పుడు బడి ఎంత దూరం అని.

"నాలుగు బ్లాకులు మిస్."

"నడిచేది ఎన్ని?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాలుగే మిస్. తిన్నగా" అన్నాడు.